ముద్ద మారింది, కూర తగ్గింది: కృష్ణ ఒడ్డు పల్లెల తిండి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నారాయణపేట జిల్లాలో తెలంగాణ గడప తొక్కిన కృష్ణమ్మ జూరాల, సోమశిల, నాగార్జునసాగర్ దాటుకుని వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని పోతుంది. ఈ దారి పొడవునా ఉన్న ఊళ్లలో రెండు తరాల్లో తిండి పూర్తిగా మారిపోయింది. షుగరు, బీపీ, రక్తం తక్కువ కావడం, పిల్లలు ఎదగకపోవడం గురించి ఈ ఊళ్లలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి.

మా తాతలు జొన్నలు తిని గట్టిగా బతికారు. బియ్యం రావడం వల్లనే ఈ రోగాలన్నీ వచ్చాయా?

సగమే నిజం. మిగతా సగం తెలుసుకోకపోతే తప్పు వైద్యం చేసుకుంటాం.

1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు చేలన్నీ వరి మళ్లయ్యాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పండుగకో, చుట్టాలొస్తేనో వండే అన్నం రెండు పూటలా కంచంలోకి వచ్చింది. ఆకలి తీరింది. అది చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు.

గింజకు గింజ పోలిస్తే జొన్నదే పైచేయి. నూరు గ్రాముల జొన్నలో ప్రొటీన్ 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఐరన్ దాదాపు 4 మిల్లీగ్రాములు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ప్రొటీన్ 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు, ఐరన్ ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అయితే జొన్న ఒక్కటే తిన్నవాళ్లూ బాగుపడలేదు. పప్పు, పాలు లేకుండా ఏడాదంతా జొన్న మీదే బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, చేతులు నల్లబడి పొలుసులు లేచేవి, విరేచనాలు పట్టుకునేవి, మతి కూడా చెదిరేది. హైదరాబాద్‌లోని పోషకాహార ప్రయోగశాల, అంటే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1960ల్లో ఈ జబ్బు మీద పనిచేశారు. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) దీనికి ఒక కారణమని వాళ్లు చెప్పారు.

మరి పోయిందేమిటి? జొన్న చేనులో జొన్న ఒక్కటే పండేది కాదు. సాళ్ల మధ్య కంది, పెసర, బొబ్బర, అనుము, అంచున పుంటికూర, కలుపులో పది రకాల ఆకుకూరలు ఉండేవి. వరి మడిలో నీళ్లు నిలిస్తే వరి తప్ప మరొకటి రాదు. కంచంలో ముద్ద మారిన రోజే, పక్కన ఉండాల్సిన కూర చేనులోంచి దుకాణానికి పోయింది. డబ్బులుంటేనే అది ఇంటికొస్తుంది. అందుకే అన్నం మానేయాలా అన్న దాని కంటే, అన్నం పక్కన ఏముంది అని అడగడం ముఖ్యం.

అయితే ఏది ఎంత తినాలి? కొలత చెప్పండి.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2000 కేలరీలు సరిపోయే మనిషికి ఇలా లెక్క కట్టింది: బియ్యం, జొన్నలాంటి గింజలు 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం కలిపి 85, పల్లీలు, నువ్వుల వంటివి 35, నూనె 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. నాట్లు వేసేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు గింజలు ఇంకొంచెం ఎక్కువే కావాలి.

నలుగురున్న ఇంటికి దీన్ని నెల లెక్కలోకి మార్చి చూడండి. గింజలు 30 కిలోలు. మనిషికి ఆరు కిలోల చొప్పున రేషన్ మీద 24 కిలోలు వస్తున్నాయి. తక్కువ పడే ఆరు కిలోలు జొన్నలో, సజ్జలో, తైదలో (రాగులు) కొనుక్కుంటే గింజల లెక్క ముగిసినట్టే. నూనె నెలకు మూడుంబావు కిలోలు దాటకూడదు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే నలుగురికి నెలకు 600 గ్రాములు, అదీ పచ్చళ్లలో, ఎండు చేపల్లో ఉన్నదానితో కలిపి. మీ ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతుందో ఒకసారి తారీఖు రాసి పెట్టుకోండి. బీపీ ఎక్కడి నుంచి వస్తుందో అక్కడే తెలుస్తుంది.

పెద్ద లోటంతా కూరగాయల్లో, పప్పులో కనిపిస్తుంది. నలుగురికి రోజుకు కిలోన్నరకు పైనే కూర, ఆకు కలిపి కావాలి. పావుకిలో వంకాయలు పులుసు పెట్టి నలుగురూ రెండు పూటలు సర్దుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పప్పు నలుగురికి పూటకు ఒక చిన్న టీ గ్లాసు పోయాలి. నీళ్లపప్పులో పప్పు ఎంత ఉందో గరిటె తిప్పితేనే తెలిసిపోతుంది.

జొన్నరొట్టె చేస్తే అంచులు పగిలిపోతున్నాయి. మా అమ్మ చేస్తే ఎందుకు పగల్లేదు?

గోధుమలో ఉండే సాగే గుణం జొన్నకు లేదు. పిండిని పట్టి ఉంచేది వేడి నీళ్లకు ఉడికిన గంజి పదార్థం ఒక్కటే. కాబట్టి నీళ్లు గోరువెచ్చగా ఉంటే సరిపోదు, మరగాలి.

ఒక గ్లాసు పిండికి ముప్పావు నుంచి గ్లాసు దాకా మరిగే నీళ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు పోసి కట్టెతో కలిపి ఐదు నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి పట్టే వేడిలో ఉండగానే అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకండి. వేలితో నొక్కితే అంచు చీలకుండా గుంట పడాలి, అప్పటిదాకా ఆపొద్దు. పిండి మొత్తం ఒకేసారి పిసికి పెట్టుకుంటే చివరి ముద్దలు ఆరిపోతాయి. ఒక్కో ముద్ద తీసి మళ్లీ తడి చేసి పిసికి, అప్పుడే కొట్టాలి. పెనం బాగా కాలాక రొట్టె వేసి, పైకి కనిపించే వైపు తడిగుడ్డతో నీళ్లు రాయండి. ఆ తడి ఆరగానే తిప్పండి. రెండో వైపు కాలాక గుడ్డతో అంచులు అదిమితే పొంగుతుంది.

అంచు పగిలితే నీళ్లు మరగలేదనో, పిసుకుడు చాలలేదనో అర్థం. చేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. పైన తెల్లటి పచ్చిపిండి నిలిచిందంటే తడి రాయలేదు. చల్లారాక అట్టముక్కలా అయితే మంట తక్కువ పెట్టి ఎక్కువసేపు కాల్చారు. పిండే చేదుగా ఉంటే పాతబడింది. గింజలోని కొవ్వు గాలికి పాడవుతుంది, అందుకే పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. గింజ ఎన్నాళ్లయినా నిలుస్తుంది, పిండి నిలవదు.

రొట్టె అలవాటు తప్పిన ఇంట్లో గటకతో మొదలుపెట్టడం సులువు. గ్లాసు జొన్నరవ్వకు నాలుగైదు గ్లాసుల నీళ్లు పోసి, అరగంట సన్న మంట మీద కలుపుతూ ఉడికించాలి. మజ్జిగతోనో, పప్పుతోనో, పచ్చిపులుసుతోనో తినొచ్చు.

షుగర్ ఉంది. అన్నం మానేసి రొట్టెలు తింటున్నా తగ్గడం లేదు.

ఎన్ని రొట్టెలు తింటున్నారు? అరవై గ్రాముల పిండితో చేసిన ఒక్క రొట్టెలో 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక కప్పు అన్నంలో ఉండేదీ అంతే. జొన్నలో పీచు ఉంది కాబట్టి రక్తంలోకి చక్కెర కాస్త నిదానంగా చేరుతుంది. కానీ మూడు రొట్టెలు తింటే మూడు కప్పుల అన్నం తిన్నట్టే. పూటకు ఒకటి, మహా అయితే రెండు, పక్కన కంచంలో సగం కూర, ఒక కప్పు గట్టిపప్పో గుడ్డో చేపో. మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. రొట్టె మందుకు బదులు కాదు. తైద అంబలి కూడా అంతే. బాగా మెత్తగా ఉడికిన జావ గటగటా తాగితే చక్కెర వేగంగానే పెరుగుతుంది.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయా? నీళ్లలో తేలుతున్నాయి.

ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మళ్లీ గింజ ఆకారంలో మిషన్ మీద తీసినవి. నూరు కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో లెక్కన కలుపుతారు. రంగు కొంచెం తేడాగా, బరువు తక్కువగా ఉండడంతో కొన్ని తేలతాయి. ఏరి పారేస్తే బలమంతా పారేసినట్టే. ఒకటి రెండుసార్లు కడిగితే చాలు, గంజి వంచకుండా నీళ్లు సరిపడా పోసి ఇగరబెట్టండి. తలసేమియా, సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బులు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగి తినాలి.

పొలాల్లో దొరికే ఆకుకూరలు ఇప్పుడు తినొచ్చా?

తినాలి. కానీ ఎక్కడ కోస్తున్నారో చూసుకుని తినాలి. గంగవాయిల కూర, దొగ్గలి, తుమ్మికూర, పొన్నగంటి, లేత తగిరిస, లేత గునుగు ఇవన్నీ డబ్బు పెట్టక్కర్లేని కూరలు. గునుగంటే బతుకమ్మలో పేర్చే పువ్వే కదా అంటారు. పూత రాక ముందు దాని లేత ఆకు మంచి కూర. తుమ్మి వానలు మొదలైన రెండు మూడు వారాల్లోనే లేతగా దొరుకుతుంది, తర్వాత చేదెక్కుతుంది. పొన్నగంటి కాలువ గట్ల తేమలో ఏడాది పొడవునా ఉంటుంది.

గడ్డిమందు కొట్టిన గట్టు మీద ఆ పంటకాలమంతా కోయొద్దు. ఆకు వాడకుండా పచ్చగా కనిపించినా సరే, మందు ఆకు లోపలికి పోయి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. గట్టు మీది పొలం వాళ్లు ఎప్పుడు కొట్టారో అడగండి. మిరప, పత్తి చేల పక్కన అసలే వద్దు. దేవుడి మాన్యం, ఊరి బీడు, ఇంటి వెనక దొడ్డి ఇవే నమ్మకమైన చోట్లు. తుమ్మి, పొన్నగంటి వేళ్లతో తెచ్చి దొడ్లో నాటుకుంటే ఈ బెంగే ఉండదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గంగవాయిల కూర, పాలకూర తగ్గించుకోవాలి. వాటిలో రాళ్లను పెంచే ఆక్సలేట్ ఎక్కువ.

నది పక్కనే ఉన్నాం. చేపల వల్ల బలం వస్తుందా? పెద్దవి మంచివా, చిన్నవా?

రవ్వ, బొచ్చె, కొర్రమీను మంచి ధర పలుకుతాయి. జూరాల, సోమశిల, సాగర్ నుంచి పెద్దవి పట్నం బండెక్కుతాయి. ఇంటికి మిగిలేవి పరకలు, చిన్న జెల్లలు, జిలేబీలు. మంచిదే జరిగింది, చిన్నచేపను ముల్లుతో సహా నమిలి తింటాం కాబట్టి కాల్షియం అందుతుంది. పెద్ద చేప ముక్కలో మాంసం ఉంటుంది, ముల్లు పారేస్తాం. ప్రొటీన్ రెంటిలోనూ బాగానే ఉంటుంది.

పరకలను గరుకు బండ మీద ఉప్పు వేసి రుద్దితే పొలుసు పోతుంది. పొట్ట నొక్కి పేగు తీసేయండి, తల ఉంచండి. చింతపులుసులో సన్న మంట మీద ముప్పావు గంట ఉడికితే ముల్లు మెత్తబడుతుంది. ఐదేళ్ల లోపు పిల్లలకైతే చేత్తో మెదిపి ముల్లు లేదని చూసి పెట్టండి. వారానికి రెండుసార్లు తిన్నా చాలు. కేజీ చేపలు ఎర్రగా నూనెలో వేయించుకుంటే నెల నూనెలో పెద్ద వంతు ఒక్క రోజులో అయిపోతుంది.

ఎండబెట్టేటప్పుడు కిలో చేపకు 100 నుంచి 150 గ్రాముల ఉప్పు పట్టించి, నేల మీద కాకుండా మంచం మీదో, వల కట్టిన కర్రల మీదో ఆరేయండి. ఇసుక అంటదు, కింద నుంచి కూడా గాలి తగిలి తొందరగా ఆరుతుంది. ఈగలు రాకుండా పురుగుమందు చల్లే పని ఎవరూ చేయకూడదు, అది నేరుగా కడుపులోకే పోతుంది. దోమతెర కప్పండి. వండే ముందు అరగంట వేడి నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు చాలావరకు తగ్గుతుంది.

మూసీ వెంట పండిన ఆకుకూరలు, చేపలు?

మూసీలోకి హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తాయి. క్రిములైతే మూడుసార్లు మంచినీళ్లతో కడిగి బాగా ఉడికిస్తే చస్తాయి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఆకులోకి ఎక్కితే కడిగినా, ఉడికించినా పోవు. ఇవి ఆకుల్లో, దుంపల్లో ఎక్కువగా, గింజల్లో, కాయల్లో తక్కువగా చేరతాయి. అందుకని మూసీ నీళ్ల మీద బీర, బెండ, సొర వేసుకోండి. పాలకూర, తోటకూర, ముల్లంగి వేరే నీళ్ల మీద పెంచండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు మూసీ ఆకుకూర రోజూ పెట్టొద్దు. తేలిన చేపను, నూనె వాసన వచ్చే చేపను ఎవరూ తినొద్దు.

ఫ్లోరైడ్ ఉన్న ఊరు మాది. తిండితో తగ్గుతుందా?

ముందు నీళ్లు, తర్వాతే తిండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకుంటారు. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోర్లలో ఇంతకంటే చాలా ఎక్కువ నమోదైంది. ఆ జిల్లా పేరుతోనే పిలిచే నల్గొండ పద్ధతిని, అంటే పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని, నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసింది. అందులో పటిక మోతాదు మీ నీళ్ల పరీక్షను బట్టే తేలుతుంది, కంటి అంచనాతో వేయొద్దు.

ఎక్కువ మంది చేసే పొరపాటు ఒకటుంది. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకుంటారు, అన్నం, పప్పు, టీ మాత్రం బోరు నీళ్లతో కాస్తారు. నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు, వంటలో ఇంకా చిక్కబడుతుంది. కాచి తాగితే పోతుందన్నది కూడా అపోహే. వంటకూ తాగడానికీ ఒకే మంచినీళ్లు వాడండి. నలుగురికి రోజుకు రెండు బిందెలైతే చాలు.

తిండి విషయానికొస్తే కాల్షియం, విటమిన్ సి దండిగా ఉంటే ఎముకలకు నష్టం తగ్గుతుంది. పాలు, మజ్జిగ, తైదలు (నూరు గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం), నువ్వులు, ఉసిరి, జామ. చింతపండు తిన్న బడి పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని జాతీయ పోషకాహార సంస్థ చూపించింది. పచ్చిపులుసు మానక్కర్లేదు. డికాక్షన్ చిక్కగా ఉండే టీ, నల్ల ఉప్పు తగ్గించండి.

ఐరన్ గోళీలు మింగుతున్నా రక్తం పెరగడం లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా, ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి ఇది ఒక్క మీ ఇంటి బాధ కాదు.

గోళీ పనిచేయకపోవడానికి మామూలుగా కనిపించే కారణాలు ఇవి. అన్నం తిన్న వెంటనే టీ తాగుతారు, టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేస్తాయి. గంట ముందు, గంట తర్వాత టీ వద్దు. కాల్షియం గోళీ, ఐరన్ గోళీ కలిపి మింగుతారు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి వేసుకోవాలి. కడుపులో తిప్పుతుందని నాలుగు రోజులకు ఆపేస్తారు. రాత్రి తిన్న గంటకు వేసుకుని పడుకుంటే తిప్పడం తెలియదు. దొడ్డికి నల్లగా రావడం మామూలే, భయపడొద్దు. కడుపులో నులిపురుగులుంటే ఎంత మింగినా రక్తం వాటికే పోతుంది. గర్భిణులు నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. ఏడు కంటే తగ్గితే గోళీలతో ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి పట్టాలంటే నిమ్మకాయ పిండండి, పక్కన జామకాయ ముక్క తినండి.

బిడ్డకు ఆరు నెలలు దాటాయి. ఏం పెట్టాలి? అంబలి తాగిస్తున్నాం.

అంబలి పల్చన. చిన్న పొట్ట నీళ్లతో నిండిపోతుంది, బలం రాదు. చెంచా వంచితే జారిపోకుండా ఉండేంత చిక్కగా పెట్టండి. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు, గుప్పెడు ఆకుకూర మెత్తగా ఉడికించి, ఒక చెంచా నెయ్యో నూనెనో వేయండి. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు అరకప్పు, రోజుకు రెండు మూడుసార్లు. ఏడాది నిండాక ముప్పావు నుంచి కప్పు, మూడు నాలుగుసార్లు. తల్లిపాలు రెండేళ్ల దాకా ఆపొద్దు. ఉడికిన గుడ్డు ఏడో నెల నుంచే కొంచెం కొంచెం పెట్టొచ్చు.

తైదల్ని పన్నెండు గంటలు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలొచ్చాక ఎండబెట్టి, మొలక నలిపి తీసేసి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిన పిండితో జావ చిక్కబడదు, అదే గిన్నెలో రెట్టింపు పిండి పడుతుంది, కాబట్టి రెట్టింపు బలం వస్తుంది. అంగన్‌వాడీలో ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి ఒక్క బిడ్డకు నెలకు, రోజుకు వంద గ్రాముల చొప్పున ఇరవై ఐదు రోజులకు. ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుంటే పది రోజుల్లో అయిపోతుంది, బిడ్డకు మిగలదు.

అంగన్‌వాడీ టీచరమ్మను నెలకోసారి బిడ్డ దండచేతి చుట్టూ కొలత పట్టీ వేసి చూడమనండి. పన్నెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువైతే జాగ్రత్త, పదకొండున్నర కంటే తక్కువైతే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పాలమూరు పల్లీలు మాంసానికి సమానమంటారు, నిజమేనా?

గుప్పెడు పల్లీల్లో, అంటే ముప్పై గ్రాముల్లో 7 గ్రాముల ప్రొటీన్ ఉంది, ఒక గుడ్డంత. ధరలో చూసుకున్నా ఇంతకంటే మంచి తిండి మన నేలలో లేదు. కానీ బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయండి. వాటిలో ఆఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, వేయిస్తే పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పశువుకు పెడితే పాలలోకి వస్తుంది. కాయను ఊపితే గింజ గలగలలాడేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే సంచికెత్తండి.

వలస పోయిన చోట వండుకోవడానికి తీరిక లేదు.

పోయేటప్పుడు పచ్చడి జాడీతో పాటు ఐదు కిలోల పెసరపప్పు, రెండు కిలోల వేయించిన పల్లీలు కట్టుకోండి. పెసరపప్పు బియ్యంలోనే పడేస్తే అదే కుండలో ఉడుకుతుంది. రోజూ ఒక నిమ్మకాయ, ఒక ఉల్లిగడ్డ ఉన్నా ముద్ద మారుతుంది.

మళ్లీ జొన్న వేద్దామంటే పిట్టలు మిగల్చడం లేదు.

ఊరంతా వరి పెట్టి, మధ్యలో ఒక్కరే ఎకరం జొన్న వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ ఆ ఎకరం మీదే వాలతాయి. అది పంట తప్పు కాదు, ఒంటరిగా వేయడమే తప్పు. నలుగురైదుగురు రైతులు పక్కపక్క చేలల్లో ఒకే వారంలో విత్తాలి. పాలకంకి నుంచి గింజ గట్టిపడేదాకా మంచె మీద వంతుల వారీగా వడిసెల పట్టాలి. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడిలో యాసంగి జొన్నను సెప్టెంబర్, అక్టోబర్‌లలో వేసుకుంటే నేల తేమ మీదే పండుతుంది. ఎకరానికి నాలుగు కిలోల విత్తనం చాలు. వానాకాలమైతే జులై మొదటి పదిహేను రోజులు దాటనీయొద్దు, ఆలస్యమైతే మొవ్వు ఈగ పడుతుంది. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేయండి. జొన్న కోశాక కంది నిలబడి, సంక్రాంతి నాటికి పప్పుకొస్తుంది. వరి ఉన్నవాళ్లు పొలం గట్ల మీదైనా రెండడుగులకొకటి కంది గింజ నాటండి, అటువైపు గడ్డిమందు కొట్టకుండా చూసుకోండి.